పేరు లేని కార్డులు

డిగ్రీలో చేరిన రోజున ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు రాలేదు. ఇంట్లో నాలుగు రోజులు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. అయిదో రోజు మా అమ్మ నారాయణగూడలోని ఒక కాలేజీ నుంచి అప్లికేషన్ తెచ్చి నా ముందు పెట్టి, "ఇది గూడ కంప్యూటర్ చదువే. ఐటీల జాబ్ వస్తదట. నడిచి పోయి రావచ్చు," అంది. నడిచి పోయి రావచ్చన్న మాటే మా నాన్నకు బాగా నచ్చింది.

మాది చిక్కడపల్లి. మా సందు దాటి మెయిన్ రోడ్డెక్కితే అప్పట్లో ఎక్కడ చూసినా మెట్రో కోసం తవ్విన గుంతలు, వాటి చుట్టూ నిలబెట్టిన రేకులు. రోడ్డులో సగం ఆ రేకులకే పోయింది. మిగిలిన సగంలో బస్సులు, ఆటోలు, మేము. దుమ్ముకు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని నడుస్తూ కాలేజీకి చేరేసరికి జడ రంగు మారిపోయేది. ఆ నడకను ఇంత ఇష్టంగా తలుచుకుంటానని అప్పుడెవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

మొదటి రోజు నా పక్కన కూర్చున్న అమ్మాయే మూడేళ్ళూ నా పక్కన కూర్చుంది. వాళ్ళది పాలమూరు వైపు ఊరు. తండ్రి మేస్త్రీ, తల్లి ఆయనతోపాటే సిమెంటు తట్టలు మోస్తుంది. వాళ్ళు పట్నం వచ్చి అశోక్ నగర్ మురికినీటి నాలా పక్క బస్తీలో కిరాయికి ఉంటున్నారు. ఈమె మాత్రం పదో తరగతి దాకా ఊళ్ళో అమ్మమ్మ దగ్గరే పెరిగింది, తెలుగు మీడియంలో చదివింది. ఇంగ్లీషులో పాఠం మొదలవగానే పెన్ను గట్టిగా పట్టుకుని, వినిపించిన ప్రతి మాటా తెలుగు లిపిలో రాసుకునేది. సాయంత్రం ఆ నోట్సు ముందేసుకుని "ఇదేందే? ఇదేందే?" అని అడుగుతుంటే నేను చెప్పేదాన్ని. చెప్పడంలో నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం కాదు, బాగానే ఉండేది.

ఒకసారి క్యాంటీన్‌లో పఫ్ తింటూ, అడగకుండానే అంది. "మా అమ్మ నన్ను, తమ్ముణ్ణి ఊళ్ళె ఇడిచిపెట్టి పట్నం బస్సెక్కినప్పుడు నాకు ఆరేండ్లు. ఒక్కసారి గూడ తిరిగి చూడలే. నేను బస్సు వెనక ఉరికిన." నా పఫ్‌లో సగం తనకిచ్చాను. తను తీసుకుంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చివరి సంవత్సరం ప్రాజెక్టు వచ్చింది. మాకు సిస్టమ్స్ అనాలిసిస్ చెప్పే మేడం చాలా గట్టి మనిషి. "రెడీమేడ్ ప్రాజెక్ట్ తెస్తే నాకు మొదటి పేజీలనే తెలుస్తది. ఎవరి దగ్గరికన్న పోండి. వాళ్ళ పని ఎట్ల నడుస్తదో కూర్చొని చూడండి. ఆ తర్వాతనే కంప్యూటర్ ముట్టుకోండి," అని చెప్పింది. నేనేమో అశోక్ నగర్ జిరాక్స్ షాపులో బస్సు టికెట్ల రిజర్వేషన్ ప్రాజెక్టు తయారుగా దొరుకుతుందని అప్పటికే కనుక్కున్నాను. పేర్లు మార్చి స్పైరల్ బైండింగ్ చేయిస్తే చాలు.

"మేడం పట్టుకుంటది," అంది తను.

"పట్టుకోదు."

"పట్టుకోకపోతే మాత్రం? మనకేం వచ్చినట్టు?"

ఆ వెంటనే తను వాళ్ళ బస్తీవాళ్ళంతా వెళ్ళే ఒక హోమియో డాక్టర్ గురించి చెప్పింది. గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాళ్ళ హాస్టళ్ళు, రీడింగ్ హాళ్ళ మధ్య ఒక సందులో, పాత ఇంటి కింది గదిలో ఆయన క్లినిక్. డెబ్బై దాటిన మనిషి. గోడ పొడుగునా చెక్క సొరుగులు. వాటి నిండా పోస్టుకార్డంత అట్ట ముక్కలు, ఒక్కొక్కటి ఒక్కో మనిషిది. బస్తీల వారీగా, సందుల వారీగా పేర్చి ఉన్నాయి.

"ఇవన్నీ కంప్యూటర్ల ఎక్కిస్తరా?" అన్నాడు డాక్టర్ గారు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి. "ముందు నా రాత మీకు అర్థం కావాలె గద బిడ్డా."

ఒప్పుకున్నాడు గానీ రెండు షరతులు పెట్టాడు. కార్డు ఆ గది గడప దాటకూడదు. ఒకరి రోగం సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. "మీ ఇండ్లల్ల అమ్మలకు గూడ చెప్పద్దు," అన్నాడు. మేము తలలూపాం.

కాలేజీ రెండింటికి అయిపోయేది. క్లినిక్ అయిదింటికి తెరిచేవారు. ఆ మధ్య మూడు గంటలు మావి. నా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి మొదటి కార్డు తీశాను. ఒక్క ముక్క చదవలేకపోయాను. ఆయన రాత గొలుసుకట్టు తెలుగు. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు అచ్చు తెలుగు చదవడమే నెమ్మది, అలాంటిది చేతిరాత చూస్తే చీమలు పాకినట్టుంది. నా నేస్తం కార్డు అందుకుని గడగడా చదివేసింది. ఆ రోజు నుంచి తను చదవడం, నేను టైపు చేయడం. మూడేళ్ళుగా తను నన్ను "ఇదేందే" అని అడిగింది. ఇప్పుడు నేను అడగసాగాను.

"తలనొప్పి అని కొట్టిన."

"తలనొప్పి కాదే, తల బరువు. రెండు వేరే. చూడు, ఇంకో కార్డుల తలనొప్పి అనే రాసిండు."

ఆయన కార్డుల్లో రోగం ఒక్కటే ఉండేది కాదు. మనిషికి చలి ఎక్కువా వేడి ఎక్కువా, పులుపు ఇష్టమా, ఎవరి మీద కోపం, ఏ కల వస్తుంది, అన్నీ ఉండేవి. నేను నాలుగు గడుల ఫారం తయారు చేసుకుని వెళ్ళాను. పేరు, వయసు, జబ్బు, మందు. వారం తిరిగేసరికి గడులు పదకొండయ్యాయి. డాక్టర్ గారు పడక కుర్చీలో కునుకు తీస్తూ, మేము తప్పు చదివితే కళ్ళు తెరవకుండానే దిద్దేవాడు. కిటికీ బయట రీడింగ్ హాలు కుర్రాళ్ళు టీ తాగుతూ రాజ్యాంగం ఆర్టికల్ నంబర్లు ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్ళు. ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు అలాగే, ఆ హోమియో గోళీల తియ్యటి వాసనతో సహా గుర్తున్నాయి.

నాలా బస్తీ సొరుగు దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చింది. కొన్ని కార్డుల మీద పేర్లు లేవు. ఒకదాని మీద "మేస్త్రీ భార్య" అని ఉంది. ఇంకోదాని మీద "పచ్చ చీర, పాలమూరు ఆమె". మరోదాని మీద "మూడో అంతస్తు నుంచి పడ్డామె". లెక్కపెడితే నలభై పైన తేలాయి. నా ఫారంలో పేరు గడి పక్కన ఎర్ర చుక్క పెట్టాను, అంటే అది నింపకపోతే కంప్యూటర్ ముందుకు పోదు. ఎన్నిసార్లు నొక్కినా ఎర్రటి అక్షరాలతో అదే హెచ్చరిక.

డాక్టర్ గారిని అడిగితే ఆయన లేచి కూర్చున్నాడు. "అడిగితే వాళ్ళు మేస్త్రీ పేరే చెప్పేటోళ్ళు. ఒకసారి రెండుసార్లు అడిగి నేను గూడ వదిలేసిన. నాదే తప్పు," అన్నాడు.

నాకు ఆ రోజు పని పూర్తి చేసి ఇంటికి పోవాలని ఉంది. "ఏముందీ, లేబర్ ఒకటి, లేబర్ రెండు అని నంబర్లు ఇచ్చేద్దాం. సిస్టమ్ తీసుకుంటది," అన్నాను.

నా నేస్తం చేతిలో కార్డు బల్ల మీద పెట్టింది.

"మా అమ్మ ఎన్నో నంబరు?" అంది.

నేను నోరు తెరిచేలోగా బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. డాక్టర్ గారు నా వైపు చూడలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

రెండు రోజులు తను కాలేజీకి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. క్లాసులో పక్క జాగా ఖాళీగా కనిపిస్తుంటే పాఠం ఎక్కలేదు. మూడో రోజు మధ్యాహ్నం అడుగుతూ అడుగుతూ నాలా బస్తీకి వెళ్ళాను. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. మూడేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదని అప్పుడే గ్రహించాను. తను మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు.

ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు మేస్త్రీలు పని పెట్టుకోరు కాబట్టి బస్తీ అంతా ఇళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళ అమ్మ గడప ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. తను లోపల బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసి మడతపెట్టడం ఆపలేదు.

"నువ్వేనా చిక్కడపల్లి పిల్లవు? రా, కూసో," అంది వాళ్ళమ్మ.

కూర్చున్నాను. దారిలో అనుకున్న మాటలన్నీ మర్చిపోయి, "నేను గట్ల అనద్దుండె," అని మాత్రం అన్నాను. ఏడుపొచ్చింది. ఏమైందని వాళ్ళమ్మ అడిగితే తనే చెప్పింది, ఎటో చూస్తూ, ఒక్కో మాటే.

విని ఆమె నవ్వింది. "గంతేనా? మమ్మల్ని పేరు పెట్టి పిలిచినోళ్ళెవరు బిడ్డా? ఏ అమ్మా, తట్టెత్తు అంటరు. ఎత్తుతం." తర్వాత చేటలో బియ్యం ఎగరేస్తూ మామూలుగా అంది. "నేను గూడ ఆ డాక్టర్ సాబ్ దగ్గరికి పోయిన. ఇది చిన్నగున్నప్పుడు. సిమెంటుకు చేతులు పలిగి నెత్తురు కారేటియి."

నా నేస్తం మడత వదిలేసి బయటికొచ్చింది. "నాకెప్పుడు చెప్పలే నువ్వు."

"ఏం చెప్పాలె? తగ్గినయి గద."

ఆ సాయంత్రమే ముగ్గురం క్లినిక్‌కి వెళ్ళాం. డాక్టర్ గారు ఆమె మొహం పోల్చుకోలేదు. చేతులు చాపమన్నాడు. అరచేతులు తిప్పి చూసి, "సిమెంటు చేతులు. బొటనవేలి కింద బాగ పలిగినయి. అవునా?" అన్నాడు. లేచి వెళ్ళి నాలా బస్తీ సొరుగులో అట్టడుగున వెతికి ఒక కార్డు తీశాడు. "మేస్త్రీ భార్య" అని ఉంది దాని మీద. "చదవమంటవా? నీ బిడ్డనే చదువుతది," అని ఆమెనే అడిగాడు. ఆమె సరేనంది.

నా నేస్తం చదివింది. "చేతులు పగుళ్ళు. సిమెంట్ పని. నిద్ర లేదు. పిల్లలు ఇద్దరిని ఊళ్ళో తల్లి దగ్గర ఉంచి వచ్చింది. పిల్లల సంగతి అడిగితే మాట్లాడదు. కొంగు నోట్లో పెట్టుకుంటుంది."

ఆ తర్వాత ఇంకో రెండు పంక్తులున్నాయి, మందు పేరు కాబోలు. తను చదవలేదు. కార్డు పట్టుకునే వాళ్ళమ్మ వైపు తిరిగి, చిన్నపిల్ల గొంతుతో, "మరి తిరిగెందుకు చూడలే?" అంది.

ఏ రోజు సంగతి అడుగుతోందో ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది. "తిరిగి చూస్తే బస్సెక్కుదునా నేను?" అంది ఆమె.

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేనూ అడగలేదు. డాక్టర్ గారు పిలిస్తే లోపలికి వెళ్ళాను. ఆయన పెన్ను తీసి, "నీ పేరేందమ్మా?" అని అడుగుతున్నాడు. ఆమె సిగ్గుపడుతూ చెప్పింది. "మేస్త్రీ భార్య" అన్న మాట కొట్టేసి ఆయన ఆ పేరు రాశాడు. నేను టైపు చేశాను. ఎర్ర అక్షరాలు రాలేదు.

తర్వాతి పనంతా ఆమే నడిపించింది. "ఎవరి కార్డు ఏందో మీరు ఇంటింటికి తిరిగి అడగద్దు. రోగాల ముచ్చట బస్తీల పడ్తది. వచ్చే అమావాస్యకు నేనే తోలుకొస్త," అంది. అన్నట్టే తోలుకొచ్చింది. డాక్టర్ గారు పొద్దున పదింటికే తలుపు తీశాడు. ఉతికిన చీరలు కట్టుకుని, తలలకు నూనె రాసుకుని ఆడవాళ్ళు బెంచీల మీద, బెంచీ చాలక నేల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరే లోపలికొచ్చి, ఎప్పుడు వచ్చిందీ ఏం బాధతో వచ్చిందీ చెబితే డాక్టర్ గారు కార్డు వెతికేవాడు. కొందరికి కార్డు దొరకగానే సంబరం. "అయ్యో, ఇంకా ఉన్నదా సారూ!" అని చేత్తో తడిమి చూసుకునేవాళ్ళు. మూడో అంతస్తు నుంచి పడ్డామె నడుం నిటారుగా పెట్టుకుని నడిచొచ్చి, మమ్మల్నందరినీ దబాయించి, పేరు స్పష్టంగా మూడుసార్లు చెప్పి పోయింది.

ఒక ముసలమ్మ ఒక పేరు చెప్పి, తల అడ్డంగా ఊపింది. "అది అత్తగారింట్ల పెట్టింది. మా అమ్మ పెట్టింది వేరే. ఏది రాస్తరు?"

నేను డాక్టర్ గారి వైపు చూశాను. నా ఫారంలో పేరుకు ఒకటే గడి. "రెండూ రాయి బిడ్డా," అన్నాడు. అక్కడే కూర్చుని ఇంకో గడి చేర్చాను. అయిదు నిమిషాలు పట్టింది. ఆమె ఓపిగ్గా నిలబడి తెర మీద రెండు పేర్లూ పడేదాకా చూసింది. చదువు రాదు. అయినా చూసింది.

ఆ రోజు ముప్పై దాకా పేర్లు వచ్చాయి. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను, డాక్టర్ గారికిచ్చిన మాట అది. మిగిలినవాళ్ళు వేరే పనుల మీద వేరే ఊళ్ళకు పోయారు, ఒకరిద్దరు చనిపోయారని తెలిసింది. వాళ్ళ కార్డులను డాక్టర్ గారు ఎలా రాశాడో అలాగే ఎక్కించాం. అందుకోసం పేరు గడి పక్కన ఎర్ర చుక్క తీసేశాను.

వైవా రోజున బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా అదే పట్టుకున్నాడు. "పేరు లేకుండానే రికార్డు సేవ్ అవుతోందేంటమ్మా? ఇది బేసిక్ మిస్టేక్ కదా?" నేను ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాను. నాకే నమ్మకంగా అనిపించలేదు. నా నేస్తం చెప్పడానికి ప్రయత్నించి మధ్యలో ఇంగ్లీషు మాట దొరక్క ఆగిపోయింది. వెనక నుంచి మేడం, "తెలుగుల చెప్పు, ఏం కాదు," అంది. తను చెప్పింది. మేస్త్రీ భార్యలు, పచ్చ చీరలు, అమావాస్య, ముసలమ్మ రెండు పేర్లు, వరుసగా. తన తల్లి సంగతి మాత్రం చెప్పలేదు. ఎగ్జామినర్ పెన్ను కింద పెట్టి విన్నాడు. చివరికి, "పేరు లేని మనిషి మళ్ళీ వస్తే ఎలా వెతుకుతావు?" అన్నాడు. "ఏం బాధతోని వచ్చిందో దాంతోని వెతుకుతం సార్," అని వెతికి చూపించింది.

మాకు మంచి మార్కులే వచ్చాయి. బస్సు టికెట్ల ప్రాజెక్టు కొనుక్కొచ్చిన బ్యాచ్‌కి మాకన్నా రెండు ఎక్కువ వచ్చాయి. ఆ మాట విని ఇద్దరం కాచిగూడ వైపు నడుచుకుంటూ పోయి, ఇరానీ హోటల్లో కూర్చుని కడుపు నొప్పి వచ్చేదాకా నవ్వాం.

డాక్టర్ గారు మా సిస్టమ్‌ని ఆరేడు నెలలు వాడాడు. తెర మీద చూసేవాడు, అయినా చేత్తో కార్డు రాసేవాడు. తర్వాత చూపు మందగించి క్లినిక్ మూసేటప్పుడు, వచ్చినవాళ్ళకు ఎవరి కార్డు వాళ్ళకు ఇచ్చేశాడు. నా నేస్తం వాళ్ళమ్మ తన కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డుతో కలిపి దాచుకుంది. క్లినిక్ ఉన్న ఆ పాత ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో నాలుగంతస్తుల రీడింగ్ హాలు వచ్చింది. డాక్టర్ గారూ లేడు.

క్యాంపస్ ఇంటర్వ్యూల్లో నాకు ఉద్యోగం వచ్చింది, తనకు రాలేదు. ఇంగ్లీషు దగ్గర ఆపేశారు. చెప్పుకోవడానికి బాగుండదు గానీ, ఆ రోజు సంతోషపడాలో బాధపడాలో తెలియక ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సాయంత్రం దాకా తిరిగాను. తను మాత్రం ఏడాది పాటు పొద్దున సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకు పోయి, మధ్యాహ్నం ఒక రీడింగ్ హాల్లో డెస్క్ పని చేసింది. కోఠి నుంచి పాత ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకాలు తెచ్చుకుని పైకి చదువుకునేది. ఆదివారాలు నాతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని పట్టుబట్టేది. అయిదు నిమిషాలు మాట్లాడి ఇద్దరం అలిసిపోయి తెలుగులోకి వచ్చేవాళ్ళం. చివరికి ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్‌లో చేరింది. ఇప్పుడు అక్కడే ఒక టీం తన కింద పనిచేస్తోంది.

పోయిన నెలలో వాళ్ళమ్మను తీసుకుని నారాయణగూడలో టిఫిన్‌కి వెళ్ళాం. ఆమె తట్టలు మోయడం మానేసి మూడేళ్ళయింది. దోసె ముక్క తుంచుతూ, ఎన్నాళ్ళుగానో దాచుకున్నట్టు అడిగింది. "ఇంతకు ఆ ఆఫీసుల పొద్దుమాపు ఏం చేస్తరే మీరు?"

నా నేస్తం చాలాసేపు వివరించింది. ఒక ఆసుపత్రి వాళ్ళు ఏం అడుగుతారు, వీళ్ళు ఏం తయారు చేస్తారు, అది సరిగా పనిచేస్తుందో లేదో తను ఎలా చూస్తుంది, తప్పు దొరికితే ఎవరికి చెబుతుంది. మధ్యలో నేనూ రెండు మాటలు కలిపాను. ఆమె తినడం ఆపి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ అంతా విన్నది.

"మంచిగనే ఉన్నది పని," అంది చివరికి. "మరి పగటాల్ల అన్నం టైముకు తిననిస్తరా?"

తిననిస్తారని ఇద్దరం ఒకేసారి చెప్పాం. అయితే ఫరవాలేదన్నట్టు తలాడించి, ఆమె ఇంకో దోసె చెప్పమంది.